తొలి మంచులో కొండ నడక: పిల్లలకు, పెద్దలకు నాలుగు మాటలు

(గౌరిబిదనూరులో జరిగిన ట్రస్టు విద్యార్థి వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో సాధారణంగా చదువు గురించి, మార్కుల గురించి, పి.యు.సి. తర్వాత ఏ కోర్సులో చేరాలన్న దాని గురించి మాట్లాడతారు. ఈసారి ట్రస్టు పెద్దలు నాకు అప్పగించిన విషయం వేరు. ఎత్తయిన మంచు కొండల్లో నడక గురించి, అందులోనూ చలికాలం మొదట్లో, తొలి మంచు పడే రోజుల్లో శని ఆదివారాల సెలవు చూసుకుని చేసే నడక గురించి చెప్పమన్నారు. గౌరిబిదనూరులో కూర్చుని మంచు కొండల మాట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మన తాలూకాలో వడగళ్ళు చూశాం గానీ నేల మీద మోకాలి లోతు మంచు ఎవరూ చూడలేదు. మన వాడుకలో మంచు అంటే తెల్లవారుజామున రాగి చేల మీద కనిపించే పొగమంచే.

అయినా ఈ విషయం మన ఇళ్ళలోకి వచ్చేసింది. ఇక్కడి పిల్లలు చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగాల్లో చేరుతున్నారు. కొందరు డెహ్రాడూన్, చండీగఢ్, ఢిల్లీ వైపు చదువులకు వెళ్తున్నారు. మరికొందరు యం.యస్. చదువుకు అమెరికా వెళ్తున్నారు. వెళ్ళిన కొన్ని నెలలకే స్నేహితులతో కలిసి మంచు కొండ మీద నిలబడి తీసుకున్న ఫోటో ఇంటికి పంపుతున్నారు. ఆ ఫోటో చూసి కొందరు తల్లిదండ్రులు సంతోషపడతారు, నలుగురికీ చూపిస్తారు. కొందరు భయపడతారు, ఇంకెప్పుడూ పోవద్దంటారు. రెండూ సహజమే. అయితే ఆ నడకలో ఏముందో తెలియకుండా సంతోషపడినా, తెలియకుండా భయపడినా పిల్లలకు ఉపయోగం లేదు. తెలుసుకుని మాట్లాడితే ఉపయోగం. అందుకే ఈ నాలుగు మాటలు.

కొండ నడక మనకు కొత్త కాదు. ఈ తాలూకా హోసూరులో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు 1935లో హైస్కూలు చదువు కోసం బెంగళూరుకు నడిచి వెళ్ళారు. తర్వాత భౌతికశాస్త్రం చదివి, బోధించి, బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. మన పెద్దల్లో కేదారనాథ్ దాకా నడిచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. అది సముద్రమట్టానికి 3,583 మీటర్ల ఎత్తులో ఉంది. నంది కొండ మెట్లు ఎక్కనివాళ్ళు ఈ సభలో ఎవరూ ఉండరనుకుంటాను. కాబట్టి మన కాళ్ళలో బలం లేదని నేను అనడం లేదు. కాళ్ళ బలం ఒక్కటే చాలని అనుకోవద్దు అంటున్నాను.

నరసింహయ్య గారు జీవితమంతా విద్యార్థులకు నేర్పింది ప్రశ్నించడం. ఎవరు చెప్పినా కారణం అడగాలి, లెక్క చూడాలి అన్నది ఆయన పద్ధతి. కొండ విషయంలోనూ అదే పద్ధతి పనికివస్తుంది. కాబట్టి ముందు లెక్క చూద్దాం.

గౌరిబిదనూరు సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. నంది కొండ 1,478 మీటర్లు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే మనకు ఇక్కడ 28 డిగ్రీలు ఉన్నప్పుడు నంది మీద 23 దగ్గర ఉంటుంది. అదే లెక్కతో 4,000 మీటర్ల ఎత్తుకు పోతే 21 డిగ్రీలు తగ్గుతాయి, అంటే 7 డిగ్రీలు. హిమాలయాలు మనకంటే చాలా ఉత్తరాన ఉన్నాయి కాబట్టి చలికాలంలో అంతకంటే ఎంతో తక్కువ ఉంటుంది. దానికి గాలి తోడైతే ఇంకా కష్టం. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే బయట పెట్టిన చేతికి, ముఖానికి మైనస్ 7 డిగ్రీల చలి తగిలినట్టు ఉంటుంది.

రెండో లెక్క ఊపిరిది. పైకి పోయే కొద్దీ గాలి పలచబడుతుంది. 4,000 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో మనకు అందే ప్రాణవాయువు ఇక్కడ అందేదానిలో మూడింట రెండు వంతులే. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో సగం. మన శరీరం దీనికి అలవాటు పడగలదు. కానీ దానికి కొన్ని రోజులు కావాలి. క్రికెట్ జట్టులో ఉన్న కుర్రవాడైనా, రోజూ వ్యాయామం చేసే అమ్మాయి అయినా ఈ విషయంలో మినహాయింపు లేదు. కండబలం ఉన్నవాడు త్వరగా పైకి పోగలడు గనుక ఒక్కోసారి వాడికే ముందు జబ్బు చేస్తుంది.

ఈ జబ్బు లక్షణాలు తెలుసుకోండి. ఎత్తుకు చేరిన కొన్ని గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. వాంతి వచ్చినట్టు ఉంటుంది, అన్నం సహించదు, తల తిరుగుతుంది, రాత్రి నిద్ర పట్టదు. ఇక్కడితో ఆగితే ఆ ఎత్తులోనే ఉండి విశ్రాంతి తీసుకుంటే చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే దిగాలి. పైకి మాత్రం పోకూడదు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. తాగినవాడిలా అడుగులు తడబడుతుంటే, మాట పొంతన లేకుండా ఉంటే మెదడు వాస్తున్నట్టు. అప్పుడు తెల్లవారేదాకా చూద్దాం అనకూడదు. వెంటనే కిందికి దించాలి. మందులు, ఆక్సిజన్ దిగడానికి సాయం చేస్తాయి గానీ దిగడానికి బదులు కావు. ముందుజాగ్రత్త మాత్రలు కూడా ఉన్నాయి. వాటిని డాక్టరును అడిగే వాడాలి, స్నేహితుడి జేబులోంచి తీసుకుని కాదు.

దీన్ని తప్పించుకోవడానికి వైద్యులు చెప్పే సూత్రం సులువు. 3,000 మీటర్లు దాటాక రాత్రి నిద్రపోయే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి పైకి పోకుండా ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలి.

ఇప్పుడు ఈ సూత్రాన్ని శని ఆదివారాల పక్కన పెట్టి చూడండి. అమెరికాలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న డాలస్ నగరం సముద్రమట్టానికి 130 మీటర్ల ఎత్తు మాత్రమే. అక్కడ చదివే విద్యార్థులు శుక్రవారం సాయంత్రం తరగతులు ముగించి, విమానంలోనో కారులోనో కొలరాడో రాష్ట్రానికి వెళ్తారు. ఆ రాష్ట్రంలో 14,000 అడుగులు, అంటే సుమారు 4,270 మీటర్లు దాటిన శిఖరాలు 50కి పైగా ఉన్నాయి. శనివారం రాత్రి కొండ కింద పడుకుని, ఆదివారం పొద్దున శిఖరం ఎక్కి, సోమవారం తరగతికి రావాలని పథకం. రెండు రాత్రుల్లో 4,000 మీటర్లు పైకి. శరీరానికి అలవాటు పడే సమయం ఎక్కడ? మన బెంగళూరు పిల్లలు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠ శిఖరానికి పోతుంటారు. అది 3,810 మీటర్లు. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ అనే ఊరికి రోజంతా బస్సు ప్రయాణం. అక్కడి నుంచి ఎక్కి దిగడానికి మామూలుగా నాలుగు రోజులు పెట్టుకుంటారు. దాన్ని సెలవు చాలలేదని రెండు రోజులకు కుదిస్తే, కుదించేది ఖర్చును కాదు, శరీరానికి ఇవ్వాల్సిన గడువును.

రెండు రోజులే ఉంటే ఏం చేయాలి? తక్కువ ఎత్తు కొండను ఎంచుకోవాలి. శిఖరం దాకా పోవాలన్న పట్టు లేకుండా సరస్సు దాకానో, అడవి అంచు దాకానో పోయి రావాలి. అక్కడి నుంచి కనిపించే మంచు శిఖరం అందం ఏమీ తగ్గదు.

ఇక తొలి మంచు సంగతి. నిండు చలికాలంలో మంచు పడుతుందని అందరికీ తెలుసు. తగిన బూట్లు, బట్టలు వేసుకుని వస్తారు. తొలి మంచు అలా కాదు. సెప్టెంబరు చివర, అక్టోబరులో ఆకాశం నీలంగా ఉంటుంది. కింద ఎండ కాస్తుంది. పిల్లలు పరుగు పందేల బూట్లు, నూలు చొక్కా, పలచటి జర్కిన్‌తో బయలుదేరతారు. పైన రాత్రికి రాత్రే ఒక అడుగు మంచు పడి ఉంటుంది.

ఆ మంచు పలచగా ఉంటుంది గనుక దానికింద రాళ్ళ మధ్య సందులు కనబడవు. అడుగు వేస్తే కాలు దిగబడి మడమ బెణుకుతుంది, కొన్నిసార్లు ఎముక విరుగుతుంది. దారి గుర్తులు కప్పుబడిపోతాయి. వాగు మీద పలచటి గడ్డ కట్టి నేలలా కనిపిస్తుంది, బరువు పెడితే పగులుతుంది. మధ్యాహ్నం కరిగిన మంచు సాయంత్రానికి గాజులా గట్టిపడుతుంది. పొద్దున ఎక్కిన చోటే సాయంత్రం జారుతుంది. నిటారు వాలుల మీద, ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, కొత్తగా పడిన మంచు కింది పొరకు సరిగ్గా అతుక్కోకపోతే ఒక్కసారిగా జారిపడుతుంది. దాన్నే హిమపాతం అంటాం. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర ఇలాంటి హిమపాతంలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం చిక్కుకుంది. 27 మందికి పైగా చనిపోయారు. వాళ్ళు శిక్షణలో ఉన్నవాళ్ళు, వాళ్ళతో అనుభవజ్ఞులైన శిక్షకులు ఉన్నారు. అంత ఏర్పాటు ఉన్నచోటే అలా జరిగిందంటే, ఏ ఏర్పాటూ లేని విహారయాత్రలో ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

వేళ విషయం కూడా ఉంది. ఎండిన దారిలో గంటకు మూడు కిలోమీటర్లు నడిచేవాడు మోకాలి లోతు మంచులో ఒక్క కిలోమీటరు నడవడమే కష్టం. అదే సమయంలో పగలు చిన్నదవుతూ ఉంటుంది. నవంబరులో హిమాలయాల్లో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. వేసవిలో ఎవరో ఏడు గంటల్లో పోయి వచ్చారని చదివి, అదే లెక్కతో తొలి మంచులో బయలుదేరితే చీకటి కొండ మీదే పడుతుంది.

ఇప్పుడు తెలుగువాళ్ళందరూ గుర్తుంచుకోవలసిన ఒక ఘటన చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగం గల గాలి నగరాన్ని ఎలా అతలాకుతలం చేసిందో మనం టీవీల్లో చూశాం. తీరం దాటాక తుఫాను బలహీనపడింది. మనకు దాని వార్త అక్కడితో ముగిసింది. కానీ ఆ మేఘాలు ఉత్తరానికి సాగాయి. రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న, నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల మీద అదే తేమ మంచుగా కురిసింది.

నేపాల్‌లో అక్టోబరు అంటే వానలు వెళ్ళిపోయి ఆకాశం తేటగా ఉండే నెల. నడకకు అదే మంచి సమయమని ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. ఆ రోజు చాలామంది 5,416 మీటర్ల ఎత్తున్న థోరాంగ్ లా అనే కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగడానికి తెల్లవారుజామునే బయలుదేరారు. ముక్తినాథ్ మన వైష్ణవులకు దివ్యదేశం కూడా. కొన్ని గంటల్లోనే నడుం లోతు మంచు కప్పేసింది. గాలికి కళ్ళముందు చెయ్యి పెట్టుకున్నా కనబడని పరిస్థితి. దారి తప్పినవాళ్ళు, చలికి కూలిపోయినవాళ్ళు, హిమపాతాల్లో చిక్కినవాళ్ళు కలిపి 43 మందికి తగ్గకుండా చనిపోయారు. వాళ్ళలో విదేశీయులూ ఉన్నారు, బరువులు మోసే నేపాలీ కూలీలూ ఉన్నారు, పశువుల కాపరులూ ఉన్నారు. కనుమకు ఇవతల బసల్లోనే ఆ రోజు ఆగిపోయినవాళ్ళు బతికారు.

దీనిలో మనం నేర్చుకోవలసింది ఏమిటి? తుఫాను విశాఖను తాకినట్టు రెండు రోజుల ముందే లోకమంతటికీ తెలుసు. కొండ మీద నడుస్తున్న చాలామందికి మాత్రం అది తమ దాకా వస్తుందని తెలియలేదు. సముద్రం మీద తుఫానుకూ మంచు కొండకూ సంబంధం ఉంటుందని మనకు తట్టదు. కాబట్టి వాతావరణ సూచన చూడటం అంటే మన ఊరి ఆకాశం చూడటం కాదు. పోయే కొండకు, పోయే ఎత్తుకు, మూడు నాలుగు రోజుల సూచన చూడాలి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే హిమాలయ నడకను వాయిదా వేయాలా అని అడగాలి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఇంకొకసారి చూడాలి.

మంచు అక్టోబరు కోసం ఆగదని చెప్పడానికి మన రాష్ట్రానికే చెందిన ఒక విషాదం ఉంది. 2024 మే 29న ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ అనే సరస్సుల ప్రాంతానికి 22 మంది బృందం బయలుదేరింది. వాళ్ళలో 18 మంది కర్ణాటకవాళ్ళు, ఒకరు మహారాష్ట్ర, ముగ్గురు అక్కడి మార్గదర్శకులు. ఆ ప్రాంతం 4,000 మీటర్లకు పైన ఉంది. జూన్ 3న గమ్యం చేరి శిబిరానికి తిరిగి వస్తుండగా మంచు తుఫాను పట్టుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. మిగతా 13 మందిని వాయుసేన హెలికాప్టర్లు, రాష్ట్ర విపత్తు స్పందన దళం వెళ్ళి కాపాడాయి. మనకు జూన్ అంటే తొలకరి నెల. అక్కడ ఆ ఎత్తులో ఏ నెలైనా మంచు కురవవచ్చు. మన పొరుగువాళ్ళు పోగొట్టుకున్న ఆ తొమ్మిది ప్రాణాలను తప్పులు వెతకడానికి కాదు, నేర్చుకోవడానికి తలుచుకుందాం. శిఖరం చేరడంతో నడక పూర్తి కాదు, సగమే అవుతుంది. బలం, వెలుతురు, తిండి, మంచినీళ్ళు తిరుగు దారికి కూడా మిగలాలి.

ఇవన్నీ విని, అయితే మా పిల్లలను పంపనే పంపం అనకండి. పేదింటి పిల్లలు మంచు కొండల మీద ఏం సాధించగలరో లోకానికి చూపినవాళ్ళు మన తెలుగు పిల్లలే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. ఆ రోజుకు పూర్ణ వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో ప్రపంచంలోనే చిన్న వయసు ఆమెది. 2022లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కడం పూర్తిచేసింది. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు.

వార్తాపత్రికలో మనం చూసింది శిఖరం మీది ఫోటో. దాని వెనుక ఉన్నది చూడండి. మొదట భువనగిరి కోట బండ మీద తాళ్ళతో ఎక్కడం నేర్పారు. అందులో నెగ్గినవాళ్ళను డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కడ మంచు మీద నడక నేర్చుకుని రెనాక్ శిఖరం ఎక్కారు. తర్వాత చలికాలంలో లడఖ్ తీసుకెళ్ళి గడ్డకట్టే చలికి అలవాటు చేశారు. ప్రతి దశలోనూ కొందరు ఆగిపోయారు. చివరికి మిగిలింది ఇద్దరే. ఎవరెస్టు యాత్రకే 50 రోజులకు పైగా పట్టింది. శరీరానికి గడువు ఇచ్చారు, గురువులను వెంట పెట్టారు, ఒక్కో మెట్టు దాటించారు. పూర్ణ ధైర్యం గొప్పదే. ఆ ధైర్యానికి నెలల తరబడి శిక్షణ అండగా నిలిచింది.

ఇంకొక పేరు కూడా చెప్పాలి. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు. కోరుకొండ సైనిక్ స్కూల్, జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., కలకత్తా ఐ.ఐ.యం.లలో చదివారు. 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి రికార్డు సృష్టించారు. అంతటివాడు 2015 మార్చిలో దక్షిణ అమెరికా ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట్లో ఆయన దేహం దొరికింది. భూమధ్యరేఖకు దక్షిణాన మార్చి నెలాఖరు అంటే వేసవి పోయి చలి ముదిరే కాలం, అంటే అక్కడి తొలి మంచు కాలం. ఆయన అనుభవం ముందు మనం ఎంతటివాళ్ళం? అందుకే పిల్లలూ, ఎంత నేర్చినా మంచు కొండ మీద ఒంటరిగా పోవద్దు.

ఇప్పుడు విద్యార్థి వేతనం తీసుకుంటున్న పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. డబ్బు విలువ మీకు బాగా తెలుసు. అదే కొండ మీద మీకు చిక్కు తెస్తుంది. మొదటి జీతంలోంచి పది, పదిహేను వేలు కట్టి ఉంటారు. సెలవు దొరకడానికి పై అధికారిని బతిమాలి ఉంటారు. మేఘాలు కమ్ముకున్నాయి, తల నొస్తోంది, వెనక్కి పోదాం అని మనసు చెబుతుంది. కట్టిన డబ్బు వృథా అవుతుందే అని ఇంకో మనసు లాగుతుంది. డబ్బున్న ఇంటి పిల్లవాడు మళ్ళీ వస్తాలే అనుకుని సులువుగా తిరుగుతాడు. మనవాడు తిరగలేడు. ఇక్కడే గట్టిగా ఉండాలి. కట్టిన డబ్బు ముందుకు పోయినా రాదు, వెనక్కి తిరిగినా రాదు. పోయిన డబ్బు కోసం ప్రాణాన్ని పందెం పెట్టకూడదు. మీ చదువు మీద ఈ సభలో ఉన్న ఎందరి కష్టం ఉందో మీకు తెలుసు.

అందుకే వెనక్కి తిరిగే వేళను ఇంటి దగ్గరే, పొయ్యి పక్కన వెచ్చగా కూర్చున్నప్పుడే నిర్ణయించుకోండి. మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడ ఉన్నా తిరుగుతాం అని కాగితం మీద రాసుకోండి. శిఖరం ఇంకా వంద గజాలే ఉన్నా సరే తిరగాలి. చలిలో, అలసటలో, పలచటి గాలిలో బుద్ధి సరిగా పనిచేయదు. అక్కడ తీసుకునే నిర్ణయం కంటే ఇక్కడ తీసుకున్న నిర్ణయం మేలు. గుంపులో ఒక్కరు వెనక్కి పోదామన్నా అందరూ వెనక్కి రావాలని ముందే మాట అనుకోండి. పిరికివాడని ఎగతాళి చేసే గుంపుతో అసలు పోవద్దు.

బట్టల విషయం రెండు మాటల్లో చెబుతాను. నూలు బట్ట చెమటకో, మంచుకో తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనే బట్ట ఉన్నిదో, త్వరగా ఆరే రకందో ఉండాలి. దానిపైన వెచ్చటిది, అన్నింటికీ పైన గాలినీ నీటినీ ఆపేది. మందమైన కోటు ఒక్కటి కంటే ఇలా మూడు పొరలు మేలు. తల, చేతులు, కాళ్ళు కప్పుకోవాలి. ఒక జత మేజోళ్ళు పొడిగా దాచుకోవాలి. కళ్ళకు నల్ల అద్దాలు తప్పనిసరి. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. కళ్ళు మండి తాత్కాలికంగా చూపు పోయే ప్రమాదం ఉంది. గట్టి మంచు మీద జారకుండా బూట్ల కింద తొడిగే ఇనుప పళ్ళ పట్టీలు, తలకు కట్టుకునే దీపం, బెల్లం పల్లీల చిక్కీ, మంచినీళ్ళు వెంట ఉండాలి. వణుకుతున్న మనిషి వణకడం మానేసి, మాట ముద్దగా మాట్లాడుతూ, నిద్ర వస్తోందంటే వాడికి నయమైందని అనుకోకండి. శరీరంలో వేడి ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం. తడి బట్టలు విప్పి, పొడి బట్టలు వేసి, గాలి తగలకుండా కప్పి, సాయం పిలవాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం వేరు. పోవద్దని మీరు కచ్చితంగా చెబితే ఎక్కువమంది పిల్లలు మానరు, చెప్పకుండా పోతారు. అదే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఏ కొండకు పోయాడో ఇంట్లో తెలియకపోతే, ఆదివారం రాత్రి తిరిగి రాకపోయినా సోమవారం మధ్యాహ్నం దాకా ఎవరూ వెతకరు. మంచులో ఆ గంటలే ప్రాణం. కాబట్టి వాళ్ళు మీతో చెప్పేలా ఉండండి. చెప్పినప్పుడు అయిదు ప్రశ్నలు అడగండి. ఏ కొండ, ఎంత ఎత్తు? ఎవరెవరు పోతున్నారు, ముందు పోయి వచ్చినవాళ్ళు ఎవరున్నారు? రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు? ఎన్ని గంటల లోపల ఫోను రాకపోతే నేను ఎవరికి చెప్పాలి? ఈ అయిదింటికీ జవాబు చెప్పగలిగిన పిల్లవాడు సిద్ధంగా ఉన్నాడని అర్థం. చెప్పలేకపోతే వాడికే తెలుస్తుంది తాను సిద్ధంగా లేనని. మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు, కొండలు చూసి ఉండనక్కర్లేదు. ఈ ప్రశ్నలు మన మాటల్లోనే అడగవచ్చు. మన దేశంలో అత్యవసర సహాయానికి 112, అమెరికాలో 911 అని రాసి పెట్టుకోండి.

ఇంకొకటి. పిల్లలు తిరిగి వచ్చి ఫోను చేసినప్పుడు మొదట శిఖరం ఎక్కావా అని అడగకండి. బాగా ఉన్నావా, అందరూ బాగా దిగారా అని అడగండి. మధ్యలో తిరిగి వచ్చాం అంటే, మంచిపని చేశావు అని నోరారా మెచ్చుకోండి. శిఖరం ఫోటోను మాత్రమే మనం నలుగురికీ చూపిస్తే, వచ్చేసారి వాడు తిరగవలసిన చోట తిరగడు. మన మెప్పు కూడా వాళ్ళ మూటలో ఒక బరువే.

మొదలు పెట్టడానికి మన దగ్గరే కొండలున్నాయి. నంది కొండ, ఆవులబెట్ట, అటవీ శాఖ అనుమతితో స్కందగిరి. చీకటితో లేచి, అనుకున్న వేళకు తిరగడం, అందరూ కలిసి నడవడం, చెత్త వెనక్కి తేవడం ఇక్కడే అలవాటు చేసుకోవచ్చు. కాలేజీలో ఎన్.సి.సి. ఉంటే చేరండి, నడక శిబిరాలకు, పర్వతారోహణ శిక్షణకు అవకాశం వస్తుంది. బెంగళూరులో రాష్ట్ర ప్రభుత్వపు జనరల్ తిమ్మయ్య జాతీయ సాహస అకాడమీ ఉంది. ఇంకా ఆసక్తి ఉన్నవాళ్ళకు 1954లో మొదలైన డార్జిలింగ్ సంస్థ, 1965లో మొదలైన ఉత్తరకాశీ నెహ్రూ సంస్థ సుమారు నాలుగు వారాల ప్రాథమిక శిక్షణ ఇస్తున్నాయి. శని ఆదివారాల్లో అయిదు కొండలు పరుగెత్తి చూసిన దానికంటే, ఒక నెల కూర్చుని నేర్చుకున్నది జీవితమంతా ఉంటుంది.

పిల్లలూ, చదవండి, ఉద్యోగాలు చేయండి, లోకం చూడండి. మంచు కూడా చూడండి. పోయే ముందు ఇంట్లో చెప్పండి, పోయినచోట తిరిగే వేళ పాటించండి.